డెంగీ వైరస్ మన ఒంట్లో చాటింపుని ఎలా ఆపుతుంది

వానలు మొదలై ఆగస్టు దాటేసరికి హైదరాబాద్‌లో అయినా విజయవాడలో అయినా ఏ డయాగ్నొస్టిక్ సెంటర్ ముందు చూసినా జ్వరం వాళ్ళే. చేతిలో రిపోర్టు, అందులో పైనే ఒక లైన్, ఎన్ఎస్1 యాంటిజెన్ పాజిటివ్ అని. అక్కణ్ణుంచి ఇంట్లో అందరి కళ్ళూ ప్లేట్‌లెట్ల మీదకి పోతాయి, లక్షా ఇరవై, తొంభై వేలు, అరవై వేలు అంటూ పూటకోసారి ఫోన్లు, ఒకరు బొప్పాయి ఆకు రసం అంటారు, ఇంకొకరు కివీ పండ్లు అంటారు, ఆ పై లైన్ సంగతి ఇంకెవరికీ గుర్తుండదు. నాకు మాత్రం ఎప్పుడు చూసినా ఆ లైన్ దగ్గరే ఆగాలనిపిస్తుంది. ఎందుకంటే ఎన్ఎస్1 అనేది వైరస్ మన కణాల చేతే తయారు చేయించి మన రక్తంలోకే వదిలే ఒక ప్రోటీన్, అది చేసే పనుల్లో ఒకటి మన ఒంటి కాపలాని ఏమార్చడం.

ఇంకో మాట కూడా తరచూ వింటుంటాం, "ఒంట్లో ఇమ్యూనిటీ తక్కువుంది, అందుకే వచ్చింది" అని. రోజూ జిమ్‌కెళ్ళే పాతికేళ్ళ కుర్రాడు ఐసీయూలో పడతాడు, అదే ఇంట్లో అవే దోమలు కుట్టిన తాతగారికి ఏమీ కాదు, మరి తాతగారికి ఇమ్యూనిటీ ఎక్కువ అనుకోవాలా? ఇమ్యూనిటీని ట్యాంకులో నీళ్ళలాగా ఇంత ఉంది అంత ఉంది అని కొలిచినంతకాలం ఈ ప్రశ్నకి జవాబు దొరకదు. డెంగీ వైరస్ మన బలంతో తలపడదు, మన ఒంట్లో ఒక కబురు సమయానికి చేరకుండా చూసుకుంటుంది, దానికి కావాల్సింది ఆ కొద్ది రోజుల టైమే. అదెలా సంపాదిస్తుందో ఒక్కో మెట్టూ ఎక్కుతూ చూద్దాం.

యాంటీబాడీల కంటే ముందు ఎవరు లేస్తారు

ఇమ్యూనిటీ అనగానే కరోనా రోజుల పుణ్యమా అని మనందరికీ యాంటీబాడీలు గుర్తొస్తాయి. కానీ యాంటీబాడీలు, టీ కణాలు, ఇవన్నీ రెండో దళం. కొత్త వైరస్ వచ్చినప్పుడు దానికి సరిగ్గా సరిపోయే కణాన్ని వెతికి, దాన్ని లక్షల్లో పెంచి పంపడానికి వారం పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ వారం రోజులూ ఇల్లు నిలబెట్టేది పుట్టుకతోనే మనతో వచ్చిన రక్షణ, ఇన్నేట్ ఇమ్యూనిటీ అంటారు, పుస్తకాల భాషలో సహజ రోగనిరోధక శక్తి. వచ్చింది డెంగీనా ఫ్లూనా కరోనానా అని దీనికి అక్కర్లేదు, ఇది మన ఇంటి సరుకు కాదు అని పసిగడితే చాలు, అదీ గంటల్లోనే.

ఇందులో చర్మం ఉంది, మింగేసే మాక్రోఫేజ్ కణాలున్నాయి, రక్తంలో తిరిగే కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల గుంపు ఉంది. కానీ అసలు ప్రాణం ఎక్కడుందంటే ఒంట్లో దాదాపు ప్రతి కణానికీ సొంతంగా ఉన్న అలారంలో. 1957లో లండన్ మిల్ హిల్‌లోని జాతీయ వైద్య పరిశోధన సంస్థలో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మన్ అనే ఇద్దరు కోడిగుడ్డు పొరల ముక్కల మీద వేడితో చంపిన ఫ్లూ వైరస్‌ని వేశారు, తర్వాత ఆ ముక్కలు ఊరిన ద్రవాన్ని తీసి కొత్త ముక్కల మీద పోశారు, ఆ కొత్త ముక్కల మీద బతికున్న వైరస్ పెరగలేకపోయింది. అంటే మొదటి ముక్కల్లోని కణాలు ఏదో వదిలాయి, అది పక్కవాళ్ళని సిద్ధం చేసింది. వైరస్ పనికి అడ్డం పడుతుంది కాబట్టి దానికి ఇంటర్ఫెరాన్ అని పేరు పెట్టారు.

నాకైతే దీన్ని చూస్తే ఊళ్ళో వేసే చాటింపు గుర్తొస్తుంది. ఒక ఇంట్లో దొంగ పడ్డాడు, ఆ ఇంటివాళ్ళు డప్పు కొట్టించారు, చుట్టుపక్కల అందరూ తలుపులు గడియ పెట్టుకున్నారు. ఇంటర్ఫెరాన్ అందుకున్న కణంలో వందల జీన్లు ఒక్కసారిగా పనిలోకి దిగుతాయి, కొన్ని పరాయి ఆర్ఎన్ఏని ముక్కలు చేస్తాయి, కొన్ని ప్రోటీన్ల తయారీనే ఆపేస్తాయి, కొన్ని వైరస్ లోపలికి వచ్చే దారే మూసేస్తాయి. కాబట్టి మొత్తం పనిలో మెట్లు మూడు. దొంగని పసిగట్టడం, చాటింపు వేయడం, అది విన్నవాళ్ళు తలుపులు వేసుకోవడం. డెంగీ వైరస్ ఈ మూడు మెట్ల మీదా కాలు అడ్డం పెట్టింది.

పరాయి ఆర్ఎన్ఏని కణం ఎలా గుర్తుపడుతుంది

డెంగీ వైరస్ చాలా చిన్నది. దాని జీనోమ్ సుమారు 10,700 అక్షరాల ఒకే ఒక ఆర్ఎన్ఏ పోగు, దాంతో తయారయ్యేవి 10 ప్రోటీన్లే. మన కణంలోనూ ఆర్ఎన్ఏ కుప్పలుగా ఉంటుంది, మరి ఏది మనది ఏది పరాయిది?

కణం రెండు మూడు గుర్తులు చూస్తుంది. మన మెసెంజర్ ఆర్ఎన్ఏ తల మీద ఒక రసాయనపు టోపీ ఉంటుంది, దాని పక్కన మిథైల్ అనే చిన్న బొట్టు కూడా ఉంటుంది. టోపీ లేకుండా మూడు ఫాస్ఫేట్లు బయటికి కనిపించే ఆర్ఎన్ఏ ఎదురైతే రిగ్-ఐ అనే ప్రోటీన్ దాన్ని పట్టేసుకుంటుంది. ఇంకోటి, మన కణంలో రెండు పోగులు పెనవేసుకున్న పొడవాటి ఆర్ఎన్ఏ మామూలుగా ఉండదు, వైరస్ తనని తాను కాపీ కొట్టుకునేటప్పుడే తయారవుతుంది, దాన్ని ఎండీఏ5 అనే ప్రోటీన్ పట్టుకుంటుంది. ఇద్దరూ వెళ్ళి మైటోకాండ్రియా మీద కూర్చునే మావ్స్ అనే ప్రోటీన్‌కి చెబుతారు, అక్కణ్ణుంచి కబురు న్యూక్లియస్‌కి చేరుతుంది, ఇంటర్ఫెరాన్ తయారీ మొదలవుతుంది.

డెంగీ మొదటి ఎత్తు ఇక్కడే. మన భాషలో టోపీ పెట్టడం అంటే మోసం చేయడం కదా, ఈ వైరస్ విషయంలో అది అక్షరాలా నిజం. ఎన్ఎస్5 అనే దాని ప్రోటీన్ వైరస్ ఆర్ఎన్ఏ తలకి మన టోపీలాంటి టోపీనే పెట్టి, ఆ మిథైల్ బొట్టు కూడా దిద్దుతుంది. కాపలా ప్రోటీన్లు చూసి మనవాడే అనుకుంటాయి. కాపీ కొట్టుకునే పనిని బయట చేయదు, కణంలోని ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ పొరలని లోపలికి మడిచి సుమారు 90 నానోమీటర్ల గదులు కట్టుకుని వాటిలో చేసుకుంటుంది. ఆ రెండు పోగుల ఆర్ఎన్ఏ ఆ గదుల్లో ఉన్నంతసేపు ఎండీఏ5 కంట పడటం కష్టం.

దాచడం మాత్రమే అయితే ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతుంది, ఎందుకంటే వేల కాపీలు తీస్తుంటే కొన్ని బయటికి రాక తప్పవు. అందుకని రెండో జాగ్రత్త కూడా ఉంది. రిగ్-ఐ మైటోకాండ్రియా దాకా వెళ్ళాలంటే 14-3-3 ఎప్సిలాన్ అనే ఒక తోడు ప్రోటీన్ తీసుకెళ్ళాలి, వైరస్ తాలూకు ఎన్ఎస్3 వెళ్ళి ఆ తోడు చెయ్యి తనే పట్టేసుకుంటుంది. రిగ్-ఐ దొంగని చూసింది, కానీ చెప్పడానికి వెళ్ళలేకపోయింది.

ఆర్ఎన్ఏ వైరస్‌కి డీఎన్ఏ అలారంతో పనేంటి

దీన్ని మొదట చదివినప్పుడు నాకు అర్థం కాలేదు. మన కణంలో డీఎన్ఏ కోసం వేరే అలారం ఉంది. సీగ్యాస్ అనే ప్రోటీన్ న్యూక్లియస్ బయట కనబడకూడని చోట డీఎన్ఏ చూస్తే స్టింగ్ అనే ఇంకో ప్రోటీన్‌ని లేపుతుంది, అదీ చివరికి ఇంటర్ఫెరాన్ దగ్గరికే దారి తీస్తుంది. డెంగీ దగ్గర డీఎన్ఏ అనేదే లేదు. అయినా 2012లో వచ్చిన పరిశోధనల్లో డెంగీ ప్రోటీయేజ్, అంటే ప్రోటీన్లని కోసే దాని కత్తెర, స్టింగ్‌ని రెండు ముక్కలు చేస్తోందని తేలింది. సంబంధం లేని అలారం తీగ కోయడానికి అంత అవసరం ఏమొచ్చింది?

జవాబు మైటోకాండ్రియాలో దొరికింది. మైటోకాండ్రియాకి సొంత డీఎన్ఏ ఉంటుంది. డెంగీ సోకిన కణంలో మైటోకాండ్రియా దెబ్బతిని ఆ డీఎన్ఏ కొంచెం బయటికి కారుతుంది, సీగ్యాస్ దాన్ని పట్టుకుంటుంది. అంటే దొంగ కనపడకపోయినా వాడు విరగ్గొట్టిన కిటికీ గాజు ముక్కలు చూసి ఇంటివాళ్ళు లేస్తున్నారన్నమాట. అందుకే డెంగీ స్టింగ్‌ని కోయడంతో ఊరుకోలేదు, దాని ఎన్ఎస్2బీ ప్రోటీన్ సీగ్యాస్‌ని కూడా నాశనం చేయిస్తుందని 2017లో చూపించారు. ఇంత చిన్న జీనోమ్‌లో ఒక్కో ప్రోటీన్ రెండేసి మూడేసి పనులు చేయాల్సి వస్తోంది, అందులోనూ మన అలారం మీద ఇన్ని ఖర్చు పెట్టిందంటే ఆ అలారం దానికి ఎంత ప్రమాదమో అర్థం చేసుకోవచ్చు.

చాటింపు వినపడినా తలుపులు మూయనివ్వకపోవడం

సరే, ఇన్ని అడ్డాలు దాటి కొంత ఇంటర్ఫెరాన్ బయటికి వచ్చిందే అనుకుందాం, అది వెళ్ళి కణాల మీద కబురు అందుకునే చెవిలాంటి రిసెప్టార్‌కి తగిలింది. రిసెప్టార్ నుంచి న్యూక్లియస్‌కి కబురు మోసేవి స్టాట్1, స్టాట్2 అనే రెండు ప్రోటీన్లు, రెండూ కలిసి వెళ్తేనే ఆ వందల జీన్లు లేస్తాయి. అప్పటికే వైరస్ లోపల ఉన్న కణంలో ఇందాకటి ఎన్ఎస్5 స్టాట్2ని పట్టుకుని, కణంలో చెత్త పడేసే యంత్రానికి అప్పజెప్పేస్తుంది, స్టాట్2 పొడి పొడి అయిపోతుంది. డప్పు మోగుతోంది, వినపడుతోంది, కానీ గడియ పెట్టడానికి ఇంట్లో మనిషి లేడు.

ఇది మాటల్లో చెప్పే కథ మాత్రమేనా, నిజంగా అంత ముఖ్యమా అన్నదానికి గట్టి సాక్ష్యం ఎలుకల దగ్గర ఉంది. డెంగీ మామూలు ల్యాబ్ ఎలుకల్లో సరిగ్గా పెరగదు. ఎందుకని వెతికితే, డెంగీ ఎన్ఎస్5 మనిషి స్టాట్2ని పట్టుకోగలదు కానీ ఎలుక స్టాట్2ని పట్టుకోలేదు, డెంగీ కత్తెర మనిషి స్టింగ్‌ని కోయగలదు కానీ ఎలుక స్టింగ్‌ని కోయలేదు. మన తాళాలకి చేయించుకున్న మారు తాళంచెవులు వాటి తాళాలకి పట్టలేదు. అందుకే డెంగీ మందులు పరీక్షించేవాళ్ళు ఇంటర్ఫెరాన్ రిసెప్టార్లు లేకుండా పెంచిన ఏజీ129 అనే ప్రత్యేకమైన ఎలుకల్ని వాడతారు, వాటిలో అయితే డెంగీ బాగా పెరుగుతుంది. ఆ చాటింపు ఒక్కటి తీసేస్తే చాలు ఎలుక కూడా డెంగీకి లొంగిపోతుంది.

ఇక మొదట చెప్పుకున్న ఎన్ఎస్1. ఇది కణం బయటికి వచ్చి రక్తంలో తిరుగుతూ కాంప్లిమెంట్ గుంపులోని సీ4 అనే ప్రోటీన్‌ని పట్టుకుని, ఆ గుంపు వైరస్ మీదా సోకిన కణాల మీదా పడకుండా చూస్తుంది. జ్వరం మొదటి రోజుల్లో రక్తంలో ఇది అంతగా ఉండబట్టే స్ట్రిప్ మీద గీత పడుతుంది. ఫ్లూ వైరస్‌లో కూడా ఎన్ఎస్1 అనే పేరుతోనే ఒక ప్రోటీన్ ఉంది, అది రిగ్-ఐ దారిని ఆపుతుంది, కానీ ఈ రెండింటికీ చుట్టరికం లేదు, పేరు కలిసిందంతే.

ప్యూర్టో రికో, 1994: చెరుకు కణుపు లాంటి ముక్క

ఇప్పటిదాకా ప్రోటీన్ల కథ. ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది మాత్రం ప్రోటీన్ కాదు, మిగిలిపోయిన ఒక ఆర్ఎన్ఏ ముక్క.

మన కణంలో ఎక్స్ఆర్ఎన్1 అనే ఎంజైమ్ ఉంటుంది, పని అయిపోయిన ఆర్ఎన్ఏని ఒక చివర నుంచి నమిలేయడం దాని ఉద్యోగం. డెంగీ ఆర్ఎన్ఏని కూడా అలాగే నములుకుంటూ వెళ్తుంది. రెండో చివర ఇంకా కొద్ది దూరంలో ఉందనగా ఆ ఆర్ఎన్ఏ తన చుట్టూ తనే చుట్టుకుని గట్టి ముడి పడి ఉంటుంది, చెరుకు గడ నములుతుంటే కణుపు దగ్గర పళ్ళు ఆగిపోయినట్టు ఎంజైమ్ అక్కడ ఆగిపోతుంది. మిగిలిన తోక ముక్క, కొన్ని వందల అక్షరాలది, కణంలో పోగుపడుతుంది. దీన్ని ఎస్ఎఫ్ఆర్ఎన్ఏ అంటారు. మనం చెత్తగా నమిలి వదిలేసిన ముక్కనే వైరస్ పనిముట్టుగా వాడుకుంటుంది.

1994లో కరీబియన్ దీవి ప్యూర్టో రికోలో డెంగీ పెద్ద ఎత్తున వచ్చింది. అప్పటిదాకా అక్కడ తిరుగుతున్న డెంగీ-2ని (డెంగీ నాలుగు రకాల్లో ఒకటి) పక్కకి నెట్టి, అదే డెంగీ-2లో ఇంకో కొత్త శాఖ దీవంతా ఆక్రమించింది. రెండింటికీ జన్యువుల్లో తేడా కొంచెమే, మరి ఇదెందుకు గెలిచింది? 2015లో సింగపూర్ డ్యూక్-ఎన్‌యూఎస్ వైద్య కళాశాల వాళ్ళు ఆ పాత వైరస్‌లని పోల్చి చూస్తే, గెలిచిన శాఖ ఈ తోక ముక్కని ఎక్కువగా తయారు చేస్తోంది, ఆ ముక్క వెళ్ళి ట్రిమ్25 అనే మన ప్రోటీన్‌ని అతుక్కుంటోంది. ట్రిమ్25 పని రిగ్-ఐని పూర్తిగా మేల్కొలపడం. అది ఆగిపోయేసరికి ఇంటర్ఫెరాన్ తగ్గింది.

ఇక్కడ ఒక పేచీ కూడా చెప్పుకోవాలి. ఈ మధ్య కొన్ని ల్యాబులు రిగ్-ఐని మేల్కొలిపేది ప్రధానంగా ట్రిమ్25 కాదు, రిప్లెట్ అనే దాని బంధువు అని గట్టిగా వాదిస్తున్నాయి. అది నిజమైతే ప్యూర్టో రికో కథలో ఒక మెట్టుని మళ్ళీ పరిశీలించాలి. కానీ తోక ముక్క ఎక్కువైతే ఇంటర్ఫెరాన్ తగ్గుతుంది అన్న గమనిక మాత్రం దానివల్ల పోదు, ఏ దారిన తగ్గుతుంది అన్నదే తేలాలి. నాకు ఇది న్యాయమైన అనుమానమే అనిపిస్తుంది.

దోమ సంగతి కూడా ఒక్క మాట. దోమకి ఇంటర్ఫెరాన్ లేదు, అది ఆర్ఎన్ఏ ఇంటర్‌ఫియరెన్స్ అనే వేరే పద్ధతిలో వైరస్‌ని ముక్కలు చేస్తుంది. ఈ తోక ముక్క అక్కడా అడ్డం పడుతుంది, దోమ లాలాజలంలో కూడా ఇది కనిపించింది, అంటే కుట్టినప్పుడే చర్మంలోకి దిగిపోతోంది.

రెండు రోజుల ఆలస్యం ఎంత చేస్తుందో లెక్క వేసి చూస్తే

ఈ అంకెలు కేవలం లెక్క అర్థం కావడానికి నేను అనుకున్నవి. ఒక కణంలో దిగిన వైరస్ ఒక రోజులో పెరిగి ఇంకో 10 కణాలకి సోకుతుంది అనుకుందాం. మొదటి రోజు 10, రెండో రోజు 100, మూడో రోజు 1000. చాటింపు రెండో రోజుకే అంది పక్క కణాలన్నీ తలుపులేసుకుంటే 100 కణాల దగ్గర ఆగిపోతుంది, మనకి జ్వరం వచ్చినట్టు కూడా తెలియకపోవచ్చు. అదే చాటింపు రెండు రోజులు ఆలస్యమై నాలుగో రోజుకి అందిందనుకోండి, అప్పటికి 10,000 కణాలు, అంటే వంద రెట్లు. వైరస్‌కి కొత్తగా బలం ఏమీ రాలేదు, మన కాపలాలో ఒక్క సైనికుడూ తగ్గలేదు, తేడా అంతా కబురు అందిన వేళలో ఉంది.

నిజంలో ఇంత శుభ్రంగా పదులు వందలుగా పెరగదు, కానీ తీరు ఇదే. దోమ కుట్టిన తర్వాత జ్వరం రావడానికి సాధారణంగా 4 నుంచి 10 రోజులు పడుతుంది. జ్వరానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే రక్తంలో వైరస్ ఉంటుంది, అప్పుడు కుట్టిన దోమ దాన్ని పట్టుకెళ్ళగలదు. వైరస్ బతుకంతా ఆ దోమలోకి ఎక్కడం మీదే ఆధారపడి ఉంది, కాబట్టి మనల్ని ఎప్పటికీ మోసం చేయాల్సిన అవసరం దానికి లేదు. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 39 కోట్ల డెంగీ ఇన్ఫెక్షన్లలో లక్షణాలు బయటపడేవి సుమారు 9.6 కోట్లేనని 2013లో ఒక అంచనా వేశారు. అంటే నలుగురిలో ముగ్గురికి తెలియకుండానే వచ్చి పోతోంది. మొదట్లో అడిగిన జిమ్ కుర్రాడు, తాతగారి లెక్క ఇక్కడ కొంతవరకు అర్థమవుతుంది, ఎవరి ఒంట్లో కబురు ఎంత తొందరగా చేరింది అన్నది కండలు చూసి చెప్పేది కాదు. కొంతవరకే అన్నాను, ఎందుకంటే అంతకుముందు వచ్చిపోయిన డెంగీ ఇంకో పెద్ద లెక్క, దాని దగ్గరికీ వస్తాను.

చాటింపు ఆగిపోతే మరి జ్వరం ఎందుకొస్తుంది

ఇది సరైన ప్రశ్నే. పైగా 1993లోనే థాయ్‌లాండ్ పిల్లల మీద చేసిన పరిశోధనలో డెంగీ వచ్చినవాళ్ళ రక్తంలో ఇంటర్ఫెరాన్ ఆల్ఫా బాగా ఎక్కువగా ఉందని తేలింది. వైరస్ ఇంటర్ఫెరాన్‌ని ఆపుతుందని ఇంతసేపు చెప్పి, రక్తంలో ఎక్కువగా ఉందంటే ఎలా?

వైరస్ అడ్డుకోగలిగింది తను లోపల ఉన్న కణాన్ని మాత్రమే. ప్లాస్మాసైటాయిడ్ డెండ్రైటిక్ కణాలు అని కొన్ని ఉంటాయి, వాటిలో డెంగీ పెద్దగా పెరగదు, కానీ పక్కన సోకిన కణాన్ని ఆనుకుని ఉండి అక్కణ్ణుంచి వచ్చే వైరస్ ఆర్ఎన్ఏని పసిగట్టి బోలెడంత ఇంటర్ఫెరాన్ వదులుతాయి. అంటే చాటింపు వేసేది ఎక్కువగా దొంగ పడని ఇంటివాళ్ళు. అది రక్తంలో కనిపిస్తుంది, పక్క కణాలని కాపాడుతుంది కూడా, కానీ అప్పటికే సోకిన కణంలో స్టాట్2 లేదు కాబట్టి అక్కడ మాత్రం పనిచేయదు.

జ్వరం, ఒళ్ళు నొప్పులు, నీరసం కూడా చాలావరకు ఈ చాటింపు శబ్దమే. హెపటైటిస్-సీకి ఒకప్పుడు వారం వారం ఇంటర్ఫెరాన్ ఇంజెక్షన్లు వేయించుకున్నవాళ్ళని అడిగితే తెలుస్తుంది, ఇంజెక్షన్ వేసిన తర్వాత ఫ్లూ వచ్చినట్టే చలి జ్వరం, ఒళ్ళంతా నొప్పులు ఉండేవి, అందులో ఫ్లూ వైరస్ ఏమీ లేదు.

రెండోసారి డెంగీ మీద నడుస్తున్న వాదన

డెంగీలో నాలుగు రకాలు. ఒకటి వచ్చి తగ్గాక మళ్ళీ అదే రకం రావడం అరుదు, కానీ వేరే రకం వస్తే ప్రమాదం పెరగొచ్చు. దీనికి చాలాకాలంగా ఉన్న వివరణ యాంటీబాడీల మీద ఆధారపడింది. పాత యాంటీబాడీలు కొత్త రకానికి అతుక్కుంటాయి కానీ చంపలేవు, మోనోసైట్ లాంటి కణాలు యాంటీబాడీని చూసి ఆ మూటని లోపలికి లాక్కుంటాయి, వైరస్‌కి తలుపు తీసినట్టవుతుంది. 2017లో నికరాగ్వా పిల్లల మీద వచ్చిన పరిశోధనలో యాంటీబాడీలు బాగా ఎక్కువ ఉన్నవాళ్ళకీ, అసలు లేనివాళ్ళకీ కాకుండా మధ్యస్థంగా ఉన్నవాళ్ళకే తీవ్రమైన డెంగీ ప్రమాదం పెరిగిందని చూపించారు, ఇది ఆ వివరణకి బలం.

ఇంకో వర్గం ఏమంటుందంటే, తలుపు తీయడమే కాదు, ఆ దారిలో వచ్చిన వైరస్ లోపలి అలారాన్ని కూడా తగ్గిస్తుంది అని. ఎల్ఐఎల్ఆర్‌బీ1 అనే నిరోధక రిసెప్టార్‌ని ఆ మూట తడుతుందని, దాంతో ఇంటర్ఫెరాన్ జీన్లు సరిగా లేవవని 2014లో ఆధారాలు చూపించారు. ఇది ల్యాబ్ కణాల్లో స్పష్టంగా ఉంది, జబ్బుపడిన మనిషిలో ఎంత వాటా దీనిది అన్నది మాత్రం తేలలేదు. మూడో వర్గం అసలు వైరస్ ఎంత పెరిగింది అన్నదానికంటే రక్తనాళాలు ఎందుకు కారుతున్నాయో చూడండి అంటుంది. 2015లో రెండు బృందాలు ఎన్ఎస్1 నేరుగా రక్తనాళాల పొరని కారేలా చేయగలదని చూపించాయి. దానికి ఎదురు వాదన కూడా ఉంది, డెంగీలో ప్రమాదం వచ్చేది జ్వరం తగ్గే రోజుల్లో, అప్పటికి రక్తంలో వైరసూ ఎన్ఎస్1 తగ్గుముఖం పడుతుంటాయి, అందుకని తప్పంతా దానిదే అనలేం, టీ కణాల అతి స్పందన కూడా చూడాలి అంటారు. నేను చదివినంతలో ఇవి ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు, మొదట్లో అలారం ఆలస్యమైతే వైరస్ పెరుగుతుంది, పెరిగిన వైరస్ వల్ల ఎన్ఎస్1, ఆలస్యంగా వచ్చిన పెద్ద స్పందన, రెండూ ఎక్కువవుతాయి.

ఆలస్యమైన చాటింపుని మందుగా ఇస్తే

ఇంటర్ఫెరానే లోపిస్తే బయట నుంచి ఇచ్చేయొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఇంటర్ఫెరాన్ ఆల్ఫా తయారు చేయడం మనవాళ్ళకి కొత్త కాదు, హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ ఎప్పుడో చేసింది. ఈ ఆలోచనకి పెద్ద పరీక్ష కరోనా సమయంలో జరిగింది, కరోనా వైరస్ కూడా మన ఇంటర్ఫెరాన్‌ని ఆలస్యం చేసేదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సాలిడారిటీ ట్రయల్‌లో 30 దేశాల్లో 11 వేలకి పైగా ఆసుపత్రి రోగుల్ని తీసుకుని నాలుగు మందులు చూశారు, వాటిలో ఇంటర్ఫెరాన్ బీటా-1ఏ ఒకటి, దాంతో మరణాలు తగ్గలేదు. ఇక్కడితో ఇంటర్ఫెరాన్ కథ అయిపోయిందనుకున్నారు చాలామంది. 2023లో బ్రెజిల్, కెనడాలో చేసిన టుగెదర్ ట్రయల్ ఫలితం వచ్చింది, అందులో ఆసుపత్రిలో చేరకముందే, లక్షణాలు మొదలైన వారం లోపల, ఇంటర్ఫెరాన్ లాంబ్డా ఒక్క డోసు ఇచ్చారు. ఆసుపత్రిలో చేరాల్సి రావడం లేదా ఎమర్జెన్సీలో గంటలకొద్దీ ఉండాల్సి రావడం, మందు తీసుకున్నవాళ్ళలో 2.7 శాతం, తీసుకోనివాళ్ళలో 5.6 శాతం. రెండూ ఒకే రకం ఇంటర్ఫెరాన్ కాదు కాబట్టి నేరుగా పోల్చడం సరికాదు, లాంబ్డాని వినే చెవులు ఎక్కువగా ఊపిరితిత్తులు, పేగుల పొరల్లోనే ఉంటాయి. కానీ వేళ తేడా మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

2020లోనే వచ్చిన ఇంకో ఫలితం నన్ను బాగా కదిలించింది. ప్రాణాపాయం దాకా వెళ్ళిన 987 మంది కరోనా రోగుల్ని చూస్తే 101 మంది రక్తంలో సొంత ఇంటర్ఫెరాన్‌నే పనిచేయకుండా చేసే యాంటీబాడీలున్నాయి. కొందరిలో అవి కరోనాకి ముందే ఉన్నాయని తేలింది, వాళ్ళకి ఆ సంగతి తెలియదు. వైరస్ ఎంతో కష్టపడి చేసే పని వీళ్ళ ఒళ్ళు ముందే చేసిపెట్టింది. వీళ్ళని చూసి ఎవరైనా ఇమ్యూనిటీ తక్కువ అని ఎలా అంటారు, యాంటీబాడీలు తయారు చేసింది కూడా ఇమ్యూనిటీయే కదా.

వ్యాక్సిన్‌లో తీసేసిన 30 అక్షరాలు

1990లలో అమెరికా ఎన్‌ఐహెచ్ (జాతీయ ఆరోగ్య సంస్థల) శాస్త్రవేత్తలు డెంగీ వైరస్‌ని బలహీనం చేసి వ్యాక్సిన్ చేద్దామని దాని ఆర్ఎన్ఏ తోక దగ్గర అక్కడా ఇక్కడా కత్తిరించి చూశారు. 30 అక్షరాలు తీసేసిన ఒక రకం బాగా కుదిరింది, పెరుగుతుంది కానీ జబ్బు చేయదు. ఎందుకు బలహీనపడిందో అప్పుడు తెలియదు, ఎందుకంటే ఆ చెరుకు కణుపు ముక్క సంగతి బయటపడింది 2008లో. ఆ 30 అక్షరాలు అదే తోక ప్రాంతంలోవి. తర్వాత ఆ డెంగీ-4 వ్యాక్సిన్ వైరస్‌ని మనిషి కణాల్లో పెట్టి చూస్తే తోక ముక్క తక్కువగా పోగుపడుతోంది, ఇంటర్ఫెరాన్‌కి తొందరగా లొంగిపోతోంది.

నాలుగు రకాలకీ ఆ పద్ధతిలో చేసిన వ్యాక్సిన్‌ని బ్రెజిల్ బుటాంటన్ ఇన్‌స్టిట్యూట్ ఒకే డోసుగా పరీక్షిస్తే రెండేళ్ళలో 79.6 శాతం రక్షణ కనిపించింది, అయితే ఆ రెండేళ్ళూ అక్కడ తిరిగింది డెంగీ-1, డెంగీ-2 మాత్రమే, మిగతా రెండింటి మీద ఎంత పనిచేస్తుందో ఆ అంకె చెప్పదు. అవే ఎన్‌ఐహెచ్ వైరస్ రకాలతో మన దేశంలో పనేషియా బయోటెక్ చేసిన డెంగీఆల్‌కి ఐసీఎంఆర్‌తో కలిసి 10 వేల మందికి పైగా వాలంటీర్లతో మూడో దశ ట్రయల్ 2024 ఆగస్టులో మొదలైంది. ఇంజెక్షన్ వేయించుకున్న వాలంటీర్ ఒంట్లో ఆ వైరస్ నిజంగానే కొద్దిగా పెరుగుతుంది, దాని టోపీ దానికి ఉంది, కత్తెర ఉంది, స్టాట్2ని పట్టే చెయ్యీ ఉంది. తోకలో 30 అక్షరాలు లేవు, చాటింపు దానికంటే ముందు వెళ్ళిపోతుంది.